నకమురా ఆన్‌లైన్ ఆట: ఉత్త వేగమేనా, లోపల ఇంకేమైనా ఉందా?

ఓరుగల్లు_రూక్ (శనివారం, రాత్రి 10:14)

ఈ మధ్య అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా ఆన్‌లైన్‌లో ఆడే బ్లిట్జ్ (మూడు నుంచి ఐదు నిమిషాల చెస్) గేములు వరసపెట్టి చూస్తున్నాను. ఒకపక్క స్ట్రీమ్‌లో కబుర్లు చెబుతుంటాడు, చాట్‌లో ఎవరో అడిగినదానికి జవాబిస్తుంటాడు, ఇంకోపక్క గ్రాండ్‌మాస్టర్‌ని ఓడించేస్తుంటాడు. గేమ్ అయ్యాక ఇంజిన్‌లో (ఎత్తులు విశ్లేషించే చెస్ ప్రోగ్రామ్) పెట్టి చూస్తే నాకు పెద్దగా ఏమీ కనపడదు. మన అర్జున్ ఎరిగైసి గేమ్ అయితే ఎక్కడ మంట పెట్టాడో తెలుస్తుంది. ఫ్రాన్స్ ఆటగాడు ఫిరూజా గేమ్ అయితే పావులు ఎటునుంచి ఎటు ఎగురుతున్నాయో చూడ్డానికే టైమ్ సరిపోదు. ఇతని గేమ్‌లో పాతిక ఎత్తుల దాకా బోర్డు మామూలుగానే ఉంటుంది. నలభయ్యో ఎత్తుకి వచ్చేసరికి అవతలివాడి దగ్గర ఆరు సెకన్లు, ఇతని దగ్గర ముప్పావు నిమిషం. ఇక అక్కణ్నుంచి చూడక్కర్లేదు.

దీన్ని స్టైల్ అనొచ్చా? లేక చెయ్యి వేగం, మౌస్ వేగం, అంతేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. నేను 3+0లో (మూడు నిమిషాలు, ఎత్తుకి అదనంగా కలిసేది సున్నా) 1700 రేటింగ్ దగ్గర ఊగిసలాడేవాణ్ని, అది దృష్టిలో పెట్టుకుని చెబితే మంచిది.

బుల్లెట్_బాబ్జీ (10:21)

మౌసే. ఇందులో చర్చేముంది బ్రో. చివర్లో రూక్ అటూ ఇటూ తిప్పుతాడు, ప్రీమూవ్‌లు (ముందే వేసి ఉంచే ఎత్తులు) పెట్టేస్తాడు, అవతలివాడి టైమ్ అయిపోయి జెండా పడిపోతుంది. డ్రా అయిన పొజిషన్లు ఎన్ని గెలిచాడో చూడు. దానికి స్టైల్ అని పేరు పెడితే నా ఆట కూడా స్టైలే.

కోచ్_బెజవాడ (10:48)

బాబ్జీ, చెస్.కామ్‌లో టైటిల్ ఉన్నవాళ్ళు ఆడే వారపు టోర్నమెంట్ టైటిల్డ్ ట్యూస్‌డే ఏళ్ళ తరబడి 3+1లోనే నడిచింది. ప్రతి ఎత్తుకీ ఒక సెకను వచ్చి చేరుతుంది, దాన్నే ఇంక్రిమెంట్ అంటారు. ఇద్దరి మధ్య మ్యాచ్‌లుగా సాగే స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ కూడా అంతే. 90 నిమిషాలు 5+1, తర్వాత గంట 3+1, చివరి అరగంట 1+1. ఇంక్రిమెంట్ ఉన్నచోట డ్రా పొజిషన్‌లో రూక్ తిప్పి టైమ్ మీద గెలవడం ఆ స్థాయిలో దాదాపు కుదరదు. అవతలివాడు సెకనులోపే ఎత్తు వేసుకుంటూ పోతే వాడి గడియారం పెరుగుతుందే గాని తరగదు. ఆ ఛాంపియన్‌షిప్ 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదుసార్లు ఇతనిదే. 2022 ఫైనల్లో నార్వే ఆటగాడు మాగ్నస్ కార్ల్‌సెన్ మీద 14.5-13.5. మౌస్ ఒక్కదానితో అది జరగదు.

ఓరుగల్లు గారూ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఆరు సెకన్లు, ముప్పావు నిమిషం అన్నారు కదా, ఆ తేడా ఎక్కడ పుట్టిందో చూడండి. చివర్లో పుట్టదు. పదో ఎత్తుకీ పాతికో ఎత్తుకీ మధ్యలో పుడుతుంది. ఒక గేమ్ తీసుకుని ఏ ఎత్తుకి ఎవరు ఎంతసేపు తీసుకున్నారో పక్కన రాసుకోండి, మా అకాడమీ పిల్లలకి ఇదే హోంవర్క్ ఇస్తుంటాను. నకమురా చాలా ఎత్తులు ఒకటి రెండు సెకన్లలో వేసేస్తాడు. రెండు మూడు చోట్ల మాత్రం పది, పదిహేను సెకన్లు కూర్చుంటాడు. అలా ఆగినచోట ఏం చేస్తున్నాడన్నదే అసలు విషయం.

నాకు కనిపించింది ఇది. ఇంజిన్ 0.6, అంటే సుమారు అర పాన్ (బంటు) ఆధిక్యం, చూపించే ఎత్తు ఒకటి, 0.3 చూపించేది ఇంకోటి ఉన్నాయనుకోండి. మొదటిది వేస్తే తర్వాత ప్రతి ఎత్తుకీ లెక్క వేసుకోవాలి, ఎక్కడ తప్పినా గేమ్ పోతుంది. రెండోది వేస్తే రాబోయే ఐదారు ఎత్తులు వాటంతట అవే వస్తాయి: రూక్ ఖాళీ ఫైల్ మీదికి, నైట్ మధ్య గడికి, రాజు పక్కకి. అతను రెండోది పట్టుకుంటాడు. అవతలివాడికి మాత్రం ప్రతిసారీ రెండు మూడు దారులు ఒకేలా కనపడుతుంటాయి, ఎటు వెళ్ళాలో తేల్చుకోవాలి. వాడి సెకన్లు అక్కడ కరుగుతాయి. ఇంజిన్ బార్ మీద ఇది కనపడదు, అందుకే మీకు ఏమీ జరగనట్టు అనిపిస్తుంది.

ఓరుగల్లు_రూక్ (10:55)

సర్, ఇది నేను అసలు ఆలోచించని కోణం. ఇప్పుడే ఒక గేమ్ తీసి టైమ్‌లు రాస్తాను.

బుల్లెట్_బాబ్జీ (10:57)

1+0లో కూడా ఆడతాడు కదా సర్. అందులో ఇంక్రిమెంట్ లేదు. అందులో జెండాలే.

శ్రావణి_సి5 (11:20)

1+0 గురించే చెబుతాను, నా బతుకంతా దాంట్లోనే పోయింది.

ముందు ప్రీమూవ్ సంగతి. అవతలివాడి వంతులోనే మన ఎత్తు వేసి పెట్టుకోవడం. చెస్.కామ్‌లో ప్రీమూవ్‌కి 0.1 సెకను కోత పడుతుంది కానీ వరసగా ఎన్నైనా పెట్టుకోవచ్చు. లిచెస్‌లో కోత లేదు కానీ ఒక్కటే పెట్టుకోనిస్తుంది. కాబట్టి రెండు సైట్లలో ఆడే పద్ధతి వేరేగా ఉంటుంది. ఒకదాంట్లో అలవాటుపడ్డ చెయ్యి రెండోదాంట్లో మొదటి పది గేములు తడబడుతుంది.

ఇప్పుడు నకమురా తెల్లపావులతో తరచూ ఆడే బి3 చూడండి. చాలామంది దీన్ని సరదా ఓపెనింగ్ అనుకుంటారు. బి3, బిషప్ బి2, ఇ3, నైట్ ఎఫ్3, బిషప్ ఇ2, కాజిలింగ్. అవతలివాడు మామూలుగా ఆడితే ఇవన్నీ దాదాపు చూడకుండా వేయొచ్చు. ఖర్చు అయ్యేది ఒకటి రెండు సెకన్లు. నల్లపావులవాడు మాత్రం పాన్‌లు మధ్యలోకి తోయాలా, బి2 బిషప్‌కి అడ్డం పెట్టాలా, ఎటు కాజిలింగ్ చేయాలి అని ఆలోచిస్తూ ఉంటాడు.

బుల్లెట్‌లో (1+0 లాంటి ఒక నిమిషం ఆట) ఇంకో మజా ఉంది. 1. బి3 జి6 అనుకోండి. కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగ్ ఆడేవాళ్ళకి చేతి అలవాటుగా తర్వాతి ఎత్తు బిషప్ జి7. దాన్ని ప్రీమూవ్ పెట్టేస్తారు. తెల్లవాడు 2. బిషప్ బి2 వేయగానే ఆ ప్రీమూవ్ తనంతట తనే పడిపోతుంది. జి7 మీద బిషప్‌కి కాపలా ఎవరూ లేరు. రాజు ఇ8 దగ్గర ఉన్నాడు, అందడు. రూక్ హెచ్8లో ఉంది కానీ దానికి ఐమూలగా వెళ్ళడం రాదు. 3. బిషప్ జి7ని కొట్టేస్తుంది, తర్వాత హెచ్8 రూక్ కూడా దానికే. మూడో ఎత్తుకి గేమ్ అయిపోయింది. రెండో ఎత్తుకి నైట్ ఎఫ్6 వేసి ఉంటే ఏమీ లేదు, మహా అయితే పాన్‌లు డబుల్ అవుతాయి.

గ్రాండ్‌మాస్టర్లు ఇందులో రోజూ పడరు లెండి. కానీ పడతామేమోనన్న భయం చాలు, రెండో ఎత్తు నుంచే ప్రీమూవ్ మానేస్తారు. అర సెకను, అర సెకను చొప్పున పోతుంది. బాబ్జీ గారు జెండా అంటున్నది చివరి పది సెకన్లలో పడేదాన్ని. అది కిందికి వంగడం మొదలయ్యేది ఇక్కడే.

బుల్లెట్_బాబ్జీ (11:24)

ఈ జి7 దెబ్బ నాకు ఎన్నిసార్లు తగిలిందో అడక్కండి 😭

పాతకాపు (ఆదివారం, ఉదయం 6:35)

మీరంతా కొత్తగా చూస్తున్నారు గానీ ఇతను ఇంటర్నెట్ చెస్ క్లబ్ రోజుల నుంచీ ఇంతే. అప్పట్లో ‘స్మాల్‌విల్’ అనే పేరుతో ఆడేవాడు. ట్విచ్ లేదు, యూట్యూబ్‌లో చెస్ లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని గళ్ళు కదులుతుంటే చూడటమే. నెట్ సెంటర్‌కి గంటకి ఇంతని కట్టి మరీ చూసేవాళ్ళం.

ఇతని స్వభావం తెలియాలంటే 2008లో రిబ్కాతో ఆడిన బ్లిట్జ్ గేమ్ ఒక్కటి చాలు. రిబ్కా అప్పట్లో అన్నింటికన్నా బలమైన ఇంజిన్. దానితో లెక్కల్లో పోటీ పడితే ఎవరైనా చిత్తే. ఇతనేం చేశాడు? పాన్‌లన్నీ ఒకదానికొకటి అడ్డంపడేలా బోర్డు మొత్తం మూసేశాడు. ఎవరూ ఎటూ చొరబడలేరు. ఆ తర్వాత పావుని ముందుకీ వెనక్కీ కదుపుతూ కూర్చున్నాడు. యాభై ఎత్తులు పాన్ కదలకుండా, ఏ పావూ పోకుండా గడిస్తే డ్రా అని రూలు ఉంది కదా. ఇంజిన్‌కి తన పొజిషనే మెరుగ్గా ఉందని నమ్మకం, డ్రా ఒప్పుకోదు. ఆ యాభై నిండే లోపల ఏదో ఒకటి చేయాలని తనే పావులు పోగొట్టుకుంది. గేమ్ 271 ఎత్తులు సాగి నకమురా గెలిచాడు. గెలిచేముందు పాన్‌లని క్వీన్‌లు చేసుకోకుండా బిషప్‌లు చేసుకున్నాడు, వెక్కిరించడానికి.

అవతలివాడు ఏం భరించలేడో కనిపెట్టి సరిగ్గా అదే ముందు పెట్టడం. మనిషైతే టైమ్, యంత్రమైతే డ్రా. అప్పటికీ ఇప్పటికీ అదే ఆట.

శ్రావణి_సి5 (9:02)

పాతకాపు గారూ, 271 ఎత్తులు బ్లిట్జ్‌లో! నాకు 60 దాటితేనే వేళ్ళు నొప్పి పుడతాయి.

డల్లాస్_నైట్ (9:40)

మాకు ఇక్కడ శనివారం రాత్రి, పడుకోబోతూ ఈ థ్రెడ్ చూశాను. ఇక నిద్ర లేదు.

పాయింట్లన్నీ బాగున్నాయి గానీ ఒకటి మిస్సవుతున్నారు. ఇతని అసలు బలం పాడైపోయిన పొజిషన్లలో తెలుస్తుంది. బాగున్న పొజిషన్ గెలవడం ఆ స్థాయిలో అందరికీ వచ్చు. మైనస్ రెండులో ఉన్నప్పుడు మామూలుగా మనం చేసేవి రెండే: చేతులెత్తేయడం, లేదా ‘వాడు చూడకపోతే బాగుండు’ అని ఏదో ఒక వల వేయడం. నకమురా రెండూ చేయడు. చిన్న చిన్న ఇబ్బందులు పెడుతూ పోతాడు. క్వీన్‌లు మార్చుకోడు. రాజుకి గాలి ఆడేలా హెచ్6 వేసుకుంటాడు. ఒక పాన్‌ని అవతలివాడు జాగ్రత్తగా చూసుకోవాల్సిన గడిలో పెడతాడు. అవతలివాడు ప్రతిసారీ సరైన ఎత్తు వేయగలడు, కానీ ప్రతిసారీ వెతకాలి. ఆ వెతుకులాట ముప్పై ఎత్తులు సాగితే ఎక్కడో ఒకచోట జారుతుంది.

స్ట్రీమ్‌లో అతను బాణాలు గీస్తూ ‘టేక్స్, టేక్స్, టేక్స్’ అంటూ పోతుంటాడు కదా, ఇది అందులో కూడా కనపడుతుంది. మొత్తం చెట్టుని లెక్కపెట్టడం లేదు. ఒక్క గీత, బలవంతపు ఎత్తుల గీత, చివరిదాకా. ఆ చివర్లో బోర్డు ఎలా ఉందో చూసి, నచ్చితే వెళ్తాడు, నచ్చకపోతే వదిలేస్తాడు. చిన్నప్పటి నుంచి చూసిన వేలకొద్దీ బొమ్మలు తలలో ఉండబట్టే ‘నచ్చింది’ అన్నది రెండు సెకన్లలో తేలుతుంది.

కార్ల్‌సెన్‌తో పోలిస్తే తేడా ఇక్కడే. కార్ల్‌సెన్ చాలాసార్లు గీత కూడా గీయడు, పావు ఎక్కడ ఉండాలో వేళ్ళకే తెలిసినట్టు పెడతాడు. 2023 స్పీడ్ చెస్ ఫైనల్ అయితే ఇద్దరి మధ్యా ఒక్క పాయింట్ తేడా, 13.5-12.5తో కార్ల్‌సెన్ గెలిచాడు. అంతకుముందు ఏడాది అదే ఒక్క పాయింట్ ఇటు. ఈ ఇద్దరికీ ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో అంతకన్నా తేడా లేదని నా అభిప్రాయం.

ఓరుగల్లు_రూక్ (10:15)

రాత్రి గేమ్ తీసి రాశాను. కోచ్ గారు చెప్పినట్టే ఉంది. 14వ ఎత్తుకి నకమురా 12 సెకన్లు ఆగాడు. ఆ తర్వాత వరసగా ఎనిమిది ఎత్తులు ఒక్కో సెకను. అవతలివాడు అదే ఎనిమిది ఎత్తులకి దాదాపు ఒక నిమిషం తినేశాడు. విచిత్రం ఏంటంటే ఆ ఎనిమిది ఎత్తుల తర్వాత ఇంజిన్ ఇద్దరికీ సమానం అంటోంది.

కోచ్_బెజవాడ (10:31)

సమానం బోర్డు మీద. గడియారం కూడా కలుపుకుని చూడండి.

బుల్లెట్_బాబ్జీ (11:10)

సరే, తెలివైనవాడే, ఒప్పుకుంటా. మర్యాద సంగతేంటి? రాజుని రెండో ఎత్తుకే బయటికి తెచ్చే ఆ బాంగ్‌క్లౌడ్ ఏంటి? డబ్బున్న టోర్నమెంట్‌లో ఇ4 ఇ5 రాజు ఇ2 రాజు ఇ7 అని వేసుకుని ఆరు ఎత్తుల్లో డ్రా! అవతల మనం పనులు మానుకుని చూస్తున్నాం.

డల్లాస్_నైట్ (11:18)

అది 2021 మార్చి 15, మాగ్నస్ కార్ల్‌సెన్ ఇన్విటేషనల్. మొదలుపెట్టింది కార్ల్‌సెన్, తెల్లపావులు అతనివే. ఇద్దరూ అప్పటికే నాకౌట్‌కి చేరిపోయారు, ఆ గేమ్ ఫలితంతో పని లేదు. నకమురా నవ్వుకుని తనూ అదే వేశాడు. తిట్టదలచుకుంటే ఇద్దర్నీ తిట్టాలి.

పాతకాపు (11:50)

బాబ్జీ బాబూ, ఇతను విచిత్రమైన ఓపెనింగ్‌లు ఆన్‌లైన్‌లో మాత్రమే ఆడతాడనుకోకు. 2005లో కోపెన్‌హాగన్, మాల్మో టోర్నమెంట్‌లో మన చెన్నై శశికిరణ్ మీద క్లాసికల్ (గంటల తరబడి సాగే) గేమ్‌లో రెండో ఎత్తుకే క్వీన్ హెచ్5 వేశాడు. పిల్లలు నాలుగు ఎత్తుల మేట్ కోసం వేసే ఎత్తు అది. శశికిరణ్ ఏమీ కంగారుపడకుండా నింపాదిగా ఆడి గెలిచాడు. కాబట్టి ఇది ఎప్పుడూ పనిచేసే మంత్రం కాదు. అవతలివాడికి టైమ్ ఉంటే ఉత్తదే. 3 నిమిషాల గేమ్‌లో అదే ఎత్తు సగం బలం పెంచుకుంటుంది.

లెక్కల_మేష్టారు (మధ్యాహ్నం 2:05)

ఎవరూ ఎత్తలేదు గానీ 2023 నవంబర్ గొడవ కూడా స్టైల్‌కి సంబంధించినదే. నకమురా ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో వరసగా 46 గేముల్లో 45.5 పాయింట్లు తెచ్చుకున్నాడు. మాజీ ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ దాని మీద బహిరంగంగా ప్రశ్నలు వేశాడు. చెస్.కామ్ పరిశీలించి మోసం జరిగినట్టు ఆధారమేమీ లేదని తేల్చింది.

లెక్క చూద్దాం. రేటింగ్‌లో 400 తేడా ఉంటే ఎలో సూత్రం ప్రకారం పైవాడికి సగటున గేమ్‌కి 0.91 పాయింట్ రావాలి. లెక్క తేలికగా ఉండడానికి గెలిచే అవకాశం 0.91 అనే అనుకుని 45 గేములు వరసగా గెలిచే సంభావ్యత కడితే నూటికి ఒకటిన్నర దగ్గర వస్తుంది. ఒక్కసారి ప్రయత్నిస్తే కష్టమే. కానీ ఇతను వేలకు వేలు గేములు ఆడినవాడు, అందులో తనకన్నా బాగా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్ళతో ఒకేసారి కూర్చుని వరసగా ఆడే అలవాటు ఉంది. అన్ని వేల గేముల్లో అలాంటి ముక్క ఒకటి రెండు కనపడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

స్టైల్‌కి సంబంధం ఏంటంటారా? ఈ లెక్కంతా ఆటగాడు పొరపాట్లు తక్కువ చేస్తేనే నిలుస్తుంది. మంట పెట్టి ఆడేవాడికి 400 తేడా ఉన్నా పది గేముల్లో ఒకటి ఎదురు తిరుగుతుంది. నకమురాలా కబడ్డీ రైడర్ బోనస్ గీత తాకి వెనక్కొచ్చేసినట్టు చిన్న లాభం తీసుకుని జాగ్రత్తపడేవాడికి ఎదురుదెబ్బలు తక్కువ. పొడుగు స్ట్రీక్‌లు ఇలాంటివాళ్ళకే వస్తాయి.

అడ్మిన్ (2:30)

ఆ గొడవ మీద ఇంతవరకే. పాత థ్రెడ్‌లో ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆట గురించి కొనసాగించండి.

పలాస_నాన్న (సాయంత్రం 5:44)

నమస్కారమండి. నేను ఆటగాణ్ని కాదు. మా అబ్బాయి ఏడో తరగతి, జిల్లా అండర్-13లో ఆడాడు. ఈ నకమురా వీడియోలు చూసి రోజంతా ఫోన్‌లో ఒక నిమిషం గేములే. పుస్తకం ముట్టుకోవడం లేదు. అడిగితే ‘నకమురా కూడా ఇలాగే ఆడి గొప్పవాడయ్యాడు నాన్నా’ అంటున్నాడు. నిజమేనా?

కోచ్_బెజవాడ (6:20)

నిజం కాదండీ. వరస తిరగేసి చెబుతున్నాడు మీవాడు.

నకమురా సవతి తండ్రి సునీల్ వీరమంత్రి శ్రీలంక మూలాలున్న ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) మాస్టర్, అమెరికాలో పేరున్న కోచ్. ఇంట్లోనే చెస్. 2003లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, అమెరికా తరఫున ఫిషర్ పేరు మీదున్న రికార్డు పోయింది. అమెరికా ఛాంపియన్‌షిప్ ఐదుసార్లు గెలిచాడు. 2015 అక్టోబర్‌లో క్లాసికల్ రేటింగ్ 2816. స్ట్రీమింగ్‌తో లోకమంతా తెలిసింది 2020లో, కోవిడ్ రోజుల్లో. అంటే అప్పటికే పునాది పడి చాలా ఏళ్ళయింది. బుల్లెట్‌లో రెండు సెకన్లకి వేసే ఎత్తులన్నీ ఎప్పుడో గంటల తరబడి కూర్చుని నేర్చుకున్నవి.

అలాగని ఆన్‌లైన్ బ్లిట్జ్ వల్ల అతని క్లాసికల్ పాడైందా అంటే అదీ లేదు. స్ట్రీమర్ అయిపోయాడని అందరూ అనుకుంటున్న రోజుల్లో 2022 గ్రాండ్ ప్రీకి ఫిడే అధ్యక్షుడి కోటాలో వచ్చి మొత్తం సిరీస్ గెలిచాడు, ప్రపంచ ఛాంపియన్‌కి సవాలుదారుణ్ని తేల్చే క్యాండిడేట్స్‌కి మాడ్రిడ్ వెళ్ళాడు. 2023లో నార్వే చెస్ గెలిచాడు. 2024 టొరంటో క్యాండిడేట్స్‌లో గుకేశ్ 9 పాయింట్లతో గెలిస్తే ఇతను అర పాయింట్ వెనక, కరువానా, నెపోమ్నియాచితో సమానంగా నిలిచాడు.

మీవాడికి పూర్తిగా మాన్పించకండి, చాటుగా ఆడతాడు. 1+0 తీసేసి 5+3 లేదా 10+5 పెట్టించండి. గేమ్ అయ్యాక తను ఎక్కడ ఆగి ఆలోచించాడో మీకు చెప్పమనండి. మీకు చెస్ రాకపోయినా పర్లేదు, చెప్పడమే వాడికి పని.

పలాస_నాన్న (6:33)

ధన్యవాదాలు మాస్టారూ. 10+5 అంటే 10 నిమిషాలు, ఎత్తుకి 5 సెకన్లు అనేగా?

కోచ్_బెజవాడ (6:35)

అంతేనండి.

శ్రావణి_సి5 (7:10)

ఫోన్‌లో బుల్లెట్ అన్నారు కాబట్టి ఒక మాట. ఫోన్‌లో మన వేలే గడిని కప్పేస్తుంది, పావు పక్క గడిలో పడుతుంది. నకమురా ఆడేది మౌస్‌తో. వేగం కావాలంటే ముందు అది మార్చాలి. రెండోది, అతన్ని చూసి నేను నిజంగా తీసుకున్నది ఒక్కటే: ఏం చేయాలో తోచనప్పుడు తప్పు కాని ఎత్తు ఒకటి టక్కున వేసి వంతు అవతలికి తోసేయడం. హెచ్3 లాంటిది. రాజుకి గాలి ఆడుతుంది, వెనక వరస మేట్ భయం పోతుంది, ఏ పొజిషన్‌లోనైనా పెద్దగా చెడిపోదు. ముందు నేను అలాంటి చోట ఏడెనిమిది సెకన్లు బోర్డు వంక చూస్తూ కూర్చునేదాన్ని, చివరికి ఎలాగూ హెచ్3నే వేసేదాన్ని.

డల్లాస్_నైట్ (8:05)

శ్రావణి గారూ, కాజిలింగ్ అటువైపే అయి ఉండి, అవతలివాడి జి-పాన్ పరిగెత్తుకొస్తుంటే హెచ్3 వేయకండి. ఆ పాన్‌ని కొట్టి ఫైల్ తెరుచుకోడానికి వాడికి కొక్కెం దొరికినట్టే. మిగతాచోట్ల బ్రహ్మాండం.

శ్రావణి_సి5 (8:07)

తెలుసులెండి 🙂 దెబ్బలు తినే నేర్చుకున్నా.

ఓరుగల్లు_రూక్ (8:40)

చివరగా ఒక ప్రశ్న. మన హన్మకొండ అర్జున్ ఈ పద్ధతికి పూర్తి వ్యతిరేకం కదా. క్లాసికల్‌లో 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరాడు, ప్రతి గేమ్ గెలవడానికే ఆడతాడు. ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో కూడా బాగా గెలుస్తాడు. మరి వేగం ఆటకి నకమురా పద్ధతే సరైందని ఎలా అంటాం?

కోచ్_బెజవాడ (9:02)

ఎవరూ అనలేదు. అర్జున్ కూడా అవతలివాడి చేత ఆలోచింపజేస్తాడు, దారి వేరు. పొజిషన్‌ని ఇద్దరికీ కష్టం చేసి, ఆ కష్టంలో తను ఎక్కువ చూడగలనన్న ధైర్యంతో వెళ్తాడు. నకమురా తనకి సులువు, వాడికి కష్టం చేస్తాడు. అర్జున్ పద్ధతి ఫామ్‌లో ఉన్న రోజు ఎవరికీ ఆగదు, బాగాలేని రోజు రెండు మూడు గేములు వరసగా పోతాయి. పదకొండు రౌండ్ల స్విస్‌లో (ఒక్కో రౌండ్‌కి కొత్త ప్రత్యర్థి వచ్చే టోర్నమెంట్) అంత ఊగిసలాట భరించొచ్చు, ఒక్క మంచి రోజు చాలు. ఒకే ఆటగాడితో మూడు గంటలు కూర్చునే మ్యాచ్‌లో నకమురా పద్ధతికి మొగ్గు ఉంటుంది.

పాతకాపు (9:20)

త్రిసూర్ నిహాల్ సరీన్‌ని మరిచిపోయారు. చెయ్యి వేగం, మెత్తటి పొజిషన్లు, పొరపాట్లు తక్కువ. మన దేశంలో నకమురా పద్ధతికి దగ్గరగా ఆడేది ఆ అబ్బాయి. 2020, 2021 జూనియర్ స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్‌లు రెండూ అతనివే.

బుల్లెట్_బాబ్జీ (9:31)

కోచ్ గారూ, 2025లో రియాద్ ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ 10+0, ఇంక్రిమెంట్ లేదు. అక్కడ మూడో స్థానం మ్యాచ్‌లో అర్జున్ ఓడింది నకమురా చేతిలోనే. మరి జెండా పని చేసినట్టేగా?

కోచ్_బెజవాడ (9:44)

10 నిమిషాల గేమ్‌లో కూడా గడియారం లెక్కే, కాదనను. ఆ మ్యాచ్ గేములు అన్నీ దొరుకుతాయి, టైమ్‌లతో సహా. ఓరుగల్లు గారు చేసినట్టే ఒక్కో ఎత్తుకీ పక్కన సెకన్లు రాయి. అర్జున్ టైమ్ ఏ ఎత్తు దగ్గర సగానికి పడిందో పట్టుకుని ఇక్కడ పెట్టు, దాని మీద మాట్లాడదాం.

బుల్లెట్_బాబ్జీ (9:46)

హోంవర్క్ నాకు కూడానా 😅 సరే సర్, రేపు సాయంత్రానికి పెడతా.